గుడ్డకు తగులుకున్న తీగ

ఆ వారం నేను కూరుస్తున్న ఆంగ్ల పలుకుబడుల నిఘంటువులో ‘ప్లే డౌన్’ దగ్గర ఆగిపోయాను. ‘ఒక విషయపు ప్రాముఖ్యాన్ని కావాలని తగ్గించి చూపడం’ అని అర్థం రాసుకున్నాను గానీ, తగిన ఉదాహరణ తట్టలేదు. లిఫ్టుల తనిఖీకి బయలుదేరుతున్న మా తమ్ముడి భార్య, "ఆ కుర్చీకి అతుక్కుపోతారు బావగారూ, నాతో రండి" అంది.

వెళ్ళింది ఏడంతస్తుల ఆసుపత్రికి. మర్నాడు పై అంతస్తులో కొత్త వార్డు తెరుస్తున్నారు. మరదలు సంతకం చేయనిదే లిఫ్టు నడవదు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం మాత్రం అక్కడి మేనేజరు బల్లమీద, ఆయన సంతకం కోసం ఉంది.

యంత్రాల గదిలో ఆమె పాత నూలుగుడ్డను లిఫ్టు వేలాడే ఉక్కుతాడు చుట్టూ వదులుగా పట్టుకుని, లిఫ్టును అతి నిదానంగా దింపించింది. తాడు పేటల్లో కంటికి ఆనని తెగిన తీగ ఉంటే గుడ్డకు తగులుకుంటుందట. మూడుచోట్ల తగులుకుంది.

"రెండు మూడు తీగలకే కొంప మునుగుతుందా అమ్మా?" అన్నాడు వెంట వచ్చిన మేనేజరు. "రేపటి పని కానిచ్చి, ఎల్లుండి చూసుకుందాం."

"అప్పటిదాకా మీరు ఇందులోనే ఎక్కి దిగుతానంటే ఆలోచిస్తాను సార్."

"మీ కాగితం నా దగ్గరే ఉంది, గుర్తుందా?"

"ఉంది. ఏదైనా బరువు పెట్టండి, ఫ్యాను గాలికి ఎగిరిపోగలదు."

ఆమె స్విచ్చి దించి, తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుంది.

గుడ్డపీలిక సాక్ష్యం మీద ఉద్యోగాన్ని పణంగా పెట్టడం నాకూ అతిగానే తోచింది. ఆ మాటే అన్నాను. ఆమె తాళం తీసి, గుడ్డ నా చేతికిచ్చి, లిఫ్టును మళ్ళీ దింపించింది. అవే మూడుచోట్ల తగులుకుంది. ఎవరు చేసినా అదే వచ్చే ఫలితంతో పేచీ పెట్టుకునే అలవాటు నాకు లేదు.

సాయంత్రానికి తాడు మార్చారు. పాతదాన్ని విప్పితే లోపలి తీగలు తుప్పుపట్టి పొడిగా రాలాయి. మేనేజరు ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాడు.

"ఎందరి ప్రాణాలో నిలబెట్టావు" అన్నాను మెట్లు దిగుతూ.

"గుడ్డ తగులుకుంది, ఆపాను. ఇందులో ఏముంది బావగారూ. టీ తాగుదాం పదండి."

వినయం అహంకారపు మారువేషమని నాకు పాత అనుమానం. అందుకే ఆమె నివేదిక అడిగి చదివాను: ‘మూడుచోట్ల తీగలు తెగినవి. తాడు మార్చబడినది.’ అందులో ఆమె ఎక్కడా లేదు.

నిఘంటువులో రెండు ఉదాహరణలు రాశాను: మేనేజరు ప్రమాదాన్ని ప్లే డౌన్ చేశాడు, తనిఖీకి వచ్చినామె తన పాత్రను. ఒక పదానికి ఒక్క ఉదాహరణే అన్నది నేను పెట్టిన నియమమే. ఆ పుటలో దాన్ని సడలించాను.