దుప్పట్లు కప్పుకున్న ఇల్లు

డబ్లిన్‌లో ఆ వీధికి ఒక పక్కంతా ఒకే గోడ. పేరుకు ఎవరి ఇల్లు వారిదే, ఎవరి తలుపుకి వారి రంగే. కానీ ఆ ఇళ్లన్నీ కట్టిన నాటినుంచీ ఒకదాన్నొకటి ఆనుకునే నిలబడ్డాయి. డెర్వ్లా కీనన్‌కి ఆ గోడంటే ప్రాణం. దారినపోయే వాళ్లెవరైనా ఆగి తన ఇంటి వైపు తలెత్తి చూశారా, ఆవిడా మెట్లు దిగి, వాళ్ల పక్కనే నిలబడి, కొత్తగా చూస్తున్నట్టు చూసేది. గర్వమా అంటే గర్వమే. ఎందుకు దాచుకోవాలి?

ఆ ఏడాది ఇటుకల సందుల్లో పాత సున్నం రాలిపోయి ముందు గోడ కాస్త ఉబ్బింది. చలి ముదిరేలోగా బాగుచేయించకపోతే పై అంతస్తుల గోడ దించేస్తామని నగరపాలక సంస్థ వాళ్లు చెప్పి వెళ్లారు. ఒకసారి దించితే ఆ గోడ మళ్లీ ఆ గోడ కాదు. సిమెంటు పెట్టించుకుంటే చిటికెలో పని. పక్కింటి కోల్మన్ పదేళ్ల కిందట అలాగే పెట్టించాడు. లోపలి చెమ్మకి బయటికి దారి లేక ఇప్పుడు వాళ్ల ఇటుకలు పెచ్చులూడుతున్నాయి. అది పెట్టించిన నాటినుంచీ డెర్వ్లా అతన్ని ‘సిమెంటు కోల్మన్’ అని వీధి వీధంతా వినేలా పిలిచేది. తను మాత్రం సున్నమే అని భీష్మించుకుంది. ఆ పని తెలిసిన మేస్త్రీ లోర్కన్‌కి తీరిక దొరికేసరికి నవంబరు వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం లోర్కన్ ఆఖరి వరస నింపి పరంజా దిగాడో లేదో, రాత్రికి గడ్డకట్టే చలి అని రేడియోలో చెప్పారు. పచ్చి సున్నాన్ని మంచు పట్టిందంటే పిండిలా రాలిపోతుంది. కప్పడానికి అతని దగ్గరున్న గోనెపట్టాలు సగం గోడకే వచ్చాయి. ఆదివారం కాబట్టి అవి అమ్మే చోటూ మూసేశారు. డెర్వ్లా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ, తను కప్పుకునే రగ్గుతో సహా, తెచ్చి పడేసింది. అయినా పై అంతస్తు మిగిలిపోయింది.

ఇన్నేళ్లూ నోటితో బతికిన మనిషి. ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. కాళ్లు రానంటున్నా వెళ్లి కోల్మన్ తలుపు తట్టింది.

"ఏవమ్మా, దారి తప్పావా? సిమెంటు వాళ్లిల్లిది," అన్నాడతను గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"తెలుసులే. దుప్పట్లుంటే ఇవ్వు కోల్మన్. నా గోడ పోయేట్టుంది."

"పదేళ్లు నన్ను నవ్వులపాలు చేశావు."

"చేశాను. రేపట్నుంచి మళ్లీ చేస్తాను. ఇవాళ్టికి దుప్పటివ్వు."

కోల్మన్ లోపలికి పోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. డెర్వ్లా సిగ్గుతో చచ్చిపోతూ అక్కడే నిలబడింది. కాసేపటికి అతను ముందుగది మఖమలు తెరలు చంకన పెట్టుకుని వచ్చాడు. వాళ్ల నాయనమ్మ నాటివి, ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. వస్తూ వస్తూ అవతలి ఇంటి తలుపు కూడా బాదాడు. ఆ ఇంటివాళ్లు వాళ్ల పక్కింటి తలుపు తట్టారు. చీకటి పడేలోగా బొంతలు, మేజాబల్ల గుడ్డలు, ఎవరిదో ఫుట్‌బాల్ జట్టు జెండా, అన్నీ పరంజా ఎక్కాయి. డెర్వ్లా కింద నిలబడి తలెత్తి చూసింది. ఇల్లంత ఇల్లు జ్వరం వచ్చిన పిల్లలా ముసుగు తన్ని పడుకుంది. ఆ రాత్రి ఆవిడ కోటు కప్పుకుని నిద్రపోయింది.

చలి వదిలాక లోర్కన్ తెరలు తీసి గోరుతో గీసి చూశాడు. సున్నం రాలలేదు. కోల్మన్ ఇంటిని ఆనుకున్న చోట మాత్రం మఖమలు తెర అంచు కుచ్చులు సున్నం మీద అచ్చుపడ్డాయి. నున్నగా చేసేస్తానన్నాడు లోర్కన్.

"దాన్ని ముట్టుకోకు," అంది డెర్వ్లా.

వీధి అవతల నుంచి కోల్మన్ చాలాసేపు రెండు గోడల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"వేసవిలో మా గోడ సిమెంటు గీకించేసి సున్నమే పెట్టిస్తాను," అన్నాడు. "లోర్కన్‌కి తీరిక దొరికేసరికి మళ్లీ నవంబరే అవుతుంది. నీ దుప్పట్లు ఎవరికీ ఇచ్చెయ్యకు."