మూడో తరగతిలో ఉండిపోయిన గొంతు

ఈజిప్టులో రషీద్ అనే ఊళ్లో, నైలు ఒడ్డున ఉన్న ఆడపిల్లల బడిలో రోజూలాగే ఏడున్నరకు గంట కొట్టారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. పంతొమ్మిదేళ్లు మూడో తరగతికి లెక్కలు చెప్పి, ఆ ఆదివారమే బడికి పెద్ద పంతులమ్మ అయిన ఇన్షిరాహ్ మైకు ముందుకొచ్చి నోరు తెరిచింది. మాట రాలేదు. మేడమీద ఖాళీగా ఉన్న మూడో తరగతి గదిలోంచి మాత్రం ఆమె గొంతే ఖంగుమంది: "ఏడు ఎనిమిదులు?"

"ఇంకా దిగిరాలేదా తల్లీ నీ గొంతు?" అంది ఆయా ఉమ్ రజబ్, చీపురు ఆపకుండానే. "పాతావిడది మూడు నెలలకు గానీ రాలేదు. అన్నాళ్లూ ఈలతోనే నెట్టుకొచ్చింది."

కానీ గురువారమే విద్యాధికారి వస్తున్నాడు. ఆయన ముందు నోరు పెగలకపోతే కుర్చీ ఇంకొకరికి పోతుంది, ఇన్షిరాహ్ మళ్లీ మూడో తరగతికి. అలా జరగాలని ఉందో, జరగకూడదని ఉందో ఆమెకే అంతుపట్టలేదు. కుర్చీలో కూర్చుంటే వేళ్లు సుద్దముక్క కోసం తడుముకునేవి. తను లేకుండానే ఆ గొంతు అంత హాయిగా ఉంటే, ఇన్నాళ్లూ పాఠం చెప్పింది తనా, అదా?

బుధవారం మూడో తరగతి కొత్త పంతులమ్మ రబాబ్ ఏడుపు మొహంతో వచ్చింది.

"అబ్లా," అంది, టీచరమ్మను అక్కడ అందరూ పిలిచే పిలుపుతో. "మీ గొంతు నన్ను నోరు మెదపనివ్వట్లేదు. నేను 'ఏడు' అనేలోపు అది ఎక్కం మొత్తం అప్పజెప్పేస్తోంది. పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నారు."

ఇన్షిరాహ్ తన మెడ చూపించి, నేనేం చేయను అన్నట్టు చేతులు తిప్పింది.

"పిలవలేవు సరే, చూడగలవుగా!" అంది ఉమ్ రజబ్ పుదీనా టీ అందిస్తూ. "పెద్ద పంతులమ్మవయ్యాక నిన్ను నాజిరా అని ఎందుకంటున్నారు? నాజిరా అంటే చూసే మనిషనే కదమ్మా. అరిచే మనిషని ఎవడన్నాడు?"

ఇన్షిరాహ్ వెళ్లి మూడో తరగతి గుమ్మంలో నిలబడింది.

"షాహెందా! ఏడు ఎనిమిదులు?" అంది గొంతు.

"యాభై నాలుగు..."

"తప్పు. కూర్చో. తర్వాత!"

పంతొమ్మిదేళ్లుగా బోర్డువైపు తిరిగి తనన్న మాటే అది. కూర్చున్నాక ఏమవుతుందో ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆ పిల్ల బల్లకింద వేళ్ల కణుపులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయి, యాభై ఆరు దగ్గర ఆగి, తనలో తనే నవ్వుకుంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. గొంతు అప్పటికే ముందు బెంచీకి వెళ్లిపోయింది.

ఇన్షిరాహ్ ఆ పిల్ల పక్కన చతికిలబడి, ఆ చిన్న వేళ్లు పట్టుకుని మొదటి కణుపు నుంచి మళ్లీ లెక్కపెట్టింది, చప్పుడు లేకుండా. తలపైన గొంతు "తర్వా..." అంటూ తడబడి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో రబాబ్ మొదటిసారి మాట్లాడింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"యాభై ఆరు అబ్లా!"

గురువారం అధికారి కాయితాలు పట్టుకుని మైకు పక్కన నిలబడ్డాడు. ఇన్షిరాహ్ నోరు తెరిచింది. వచ్చిన గొంతు పాతదేనో, కొత్తదో ఆమె పోల్చుకోలేకపోయింది. చాలా మెత్తగా ఉంది.

"చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీలో ఎవరికైనా ఉందా?"

వరసలన్నీ చేతులే అయ్యాయి. అధికారి ఏం రాయాలో తోచక, కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. పిల్లలు చెప్పేవి వింటూ వింటూ, మధ్యాహ్నం ఎప్పుడో ఇన్షిరాహే పెద్ద పంతులమ్మ అని సంతకం పెట్టాడు.