శనివారం మొక్కు

పని లేకుండా ఎండలో కొండలెక్కే మనిషికి కర్నూలులో పిచ్చి పట్టిందంటారు. మగవాడైతే ఏదో సర్వే పనిమీద పోతున్నాడనుకుని ఊరుకుంటారు. పెళ్ళయిన ఆడది, అదీ ఒంటరిగా, బనగానపల్లె అవతలి ఎర్రమల కొండల్లో ఊరికే తిరిగొస్తానంటే ఆ ఇంట్లో ఆ పూట అన్నం ఎవరికీ సహించదు. యామినికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే.

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో కొత్తగా కట్టుకున్న ఇంటి పైగదిలో కూర్చుని బెంగుళూరు కంపెనీకి పని చేస్తుంది యామిని. వారంలో ఐదు రోజులు చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్ళెదుట స్క్రీను. కింద అత్త గురమ్మ, టైల్స్ షాపు మూసి రాత్రికి వచ్చే భర్త రాజశేఖర్. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ తెల్లారింది మొదలు ఎవరో ఒకరికి జవాబు చెబుతూనే ఉండాలి. కోయిలకుంట్లలో పెళ్ళికి పోయి వస్తూ బస్సు కిటికీలోంచి ఆ కొండలు చూసినప్పుడు, అక్కడ తనను పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు కదా అనిపించింది. అంతే, మనసు అక్కడే ఉండిపోయింది.

భర్తతో అని చూసింది. "ఆ రాళ్ళల్లో ఏముండాది, పాములు తప్ప?" అని నవ్వేశాడు. అత్తనైతే అడగనే లేదు. అడిగితే ఏమంటుందో తనే ఊహించేసుకుని, మర్నాడు పొద్దున వంటింట్లో నిలబడి ఒక మాట అనేసింది.

"అత్తా, నేనొక మొక్కు మొక్కుకున్న్యా. శనివారం శనివారం కొండకాడి నరసింహస్వామి గుడికి ఒంటిగా పోయిరావల్ల."

మొక్కు అంటే ఇక ఎవరూ నోరెత్తరు. దేనికి మొక్కావని అడగరు, అడిగితే ఫలించదంటారు. అది తెలిసే యామిని ఆ మాట వాడుకుంది. గురమ్మ కోడలి ముఖంలోకి ఒక్కసారి చూసి, రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "పోయిరా తల్లీ. స్వామి సల్లగా చూస్తాడు" అంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా పిల్లల్లేని కోడలు దేనికి మొక్కుకుని ఉంటుందో ఆమె అనుకోవలసింది ఆమె అనుకుంది. యామిని కాదనలేదు.

తెల్లారకముందే బస్సు. బనగానపల్లెలో దిగి షేర్ ఆటో. ఆటో దిగాక నాపరాళ్ళ గనులు దాటి కాలిబాట. గుడి కొండ మొదట్లోనే ఉంది. మొదటి శనివారం మెట్లదాకా పోయిన మాట నిజమే. వాకిట్లో జనాన్ని చూసి పక్కదారి పట్టింది. ఆ తర్వాత మెట్ల వైపు తిరిగి కూడా చూడలేదు.

పైన ఏముందంటే ఏమీ లేదు. ఎర్రటి రాళ్ళు, కాళ్ళకు గీరుకునే రేగుముళ్ళు, ఎండిన గడ్డి, అంతకంటే ఎండిన వాగు. ఆ ఏమీ లేకపోవడమే ఆమెకు కావలసింది. ఒక బండ నీడ చూసుకుని చిత్రాన్నం తినేది. సీసాలో నీళ్ళు పొదుపుగా గుక్క గుక్క తాగేది. గాలి గడ్డిలో దూరి పోతుంటే వింటూ కూర్చునేది. ఫోనుకు సిగ్నల్ అందదు. ఒకసారి ఎవరూ లేరు కదా అని గొంతెత్తి పాడుకుంది. తన గొంతు అంత పెద్దదని అంతవరకూ ఆమెకే తెలియదు. ఎంత సుఖంగా ఉండేదంటే, దిగేటప్పుడు ఏడుపొచ్చేది.

దిగాక ఒక పని మాత్రం మరిచేది కాదు. పొద్దున బనగానపల్లెలో కొన్న టెంకాయను దారిలో ఏదో ఒక రాయి మీద కొట్టి, చిప్పలు సంచిలో వేసుకునేది. ప్రసాదం లేకుండా ఇంటికి ఏ ముఖంతో పోతుంది? చీకటి పడే వేళకు ఇల్లు చేరితే గురమ్మ వాకిట్లోనే ఎదురయ్యేది. చిప్ప అందుకుని, కళ్ళకద్దుకుని, ముక్క తీసి అక్కడికక్కడే నోట్లో వేసుకునేది. అబ్బో, ఏం భక్తి అని యామిని లోలోపల నవ్వుకునేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆమె మీద ఆమెకే అసహ్యం వేస్తుంది.

ఆ శనివారం రోడ్డు మీదికి దిగేసరికి ఫోను ఒకటే మోత. రాజశేఖర్.

"యాడుండావు? పొద్దున్నించి చేస్తాండా. అమ్మ పడిపోయినాది. ఆస్పత్రిలో ఉండాం, బిరీన రా."

ఆమె కర్నూలు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. గురమ్మకు తలకు కట్టు, ఎడమ చేతికి సిమెంటు కట్టు. వార్డు బయట నిలబడి రాజశేఖర్ చెప్పాడు.

"షుగరు పడిపోయినాదంట. మాత్రేసుకుని ఏమీ తినల్యా. నువ్వు మొక్కు పట్టినప్పట్నుంచి శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటాండాదంట. నువ్వు ప్రసాదం తెచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టదంట. పక్కింటి దాసన్న పెండ్లాము చెప్తే నాకిప్పుడు తెలిసినాది. నీకు తెల్దా?"

తెలియదు. చెబితే ఫలించదని గురమ్మ కూడా చెప్పలేదు. వాకిట్లో నిలబడి ఆ ముక్క అంత ఆత్రంగా నోట్లో వేసుకునేది ఆకలికి అని యామినికి అప్పుడు అర్థమైంది.

"ఇంకోసారి పస్తుంటే మా చేతుల్లో ఉండదన్యాడు డాక్టరు" అన్నాడు రాజశేఖర్.

లోపల నర్సు ఇడ్లీ ప్లేటు పట్టుకుని బతిమాలుతోంది. మూతి తిప్పుకుని ఉన్న గురమ్మ, కోడల్ని చూడగానే లేవబోయింది.

"వచ్చినావా అమ్మా. చిప్ప తెచ్చినావా? ఈ పాప తిను తినని సతాయిస్తాండాది. నువ్వు రాకుండా నేనెట్ల తింటా?"

యామిని చెయ్యి సంచిలోకి పోయింది. ఇచ్చేస్తే ఈ పూటకు తింటుంది. ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టింది. గురమ్మ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది.

"చూడమ్మా, తల బండకు తగిలినా బతికినా. ఆ పొద్దుకు నువ్వు గుడికాడ ఉండావు గాబట్టి. డాక్టరు ఏమన్నా చెప్పుకోనీ, నీ మొక్కు తీరేదాకా నేను గూడా ఒక్కపొద్దుంటా. మద్దెలో ఇడిస్తే నీ కడుపు పండదు."

దాచుకోవడానికి ఇక చోటు లేకపోయింది.

"అత్తా, మొక్కు లేదు. నేను గుడిలోకి ఒక్కసారి గూడా పోల్యా. కొండల్లో తిరిగేకి పోతాంటి. ఊరికే. ఒంటిగా ఉంటే బాగుంటుందని. టెంకాయ దావలో రాయి మీద కొట్టి తెస్తాంటి. నువ్వు పస్తుండొద్దు అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా."

గురమ్మ నమలడం ఆపింది. యామిని వెనకే లోపలికి వచ్చిన రాజశేఖర్ తిరిగి బయటికి నడిచాడు. గురమ్మ నోట్లో ఉన్నది మెల్లగా మింగింది.

"కొండకు పోతానని అడిగింటే వద్దంటానా నేను?"

"అంటావనుకున్న్యా."

"అడగకుండానే అనుకున్న్యావు."

గురమ్మ నర్సు చేతిలోని ప్లేటు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇడ్లీ తుంచి తినసాగింది. యామిని కోరుకున్నది అదే, ఆమె తినాలనే. కానీ గురమ్మ చట్నీ అడగలేదు, కోడలి వైపు చూడలేదు. సగం తిన్నాక చెయ్యి ఆగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి నా ఒక్కపొద్దులు ఎవురికి చేరినాయమ్మా?"