లచ్చవ్వ పేరు చెప్పిన పెత్తరమాస

వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాన్పు చల్లి, ముగ్గు వేశాక కిష్టవ్వ చేతులు తుడుచుకుని ఫోను తెరిచేది. చాయ్ తాగడానికి హసన్ హోటల్‌కు బయలుదేరిన మొగుడిని గేటు దగ్గర ఆపి, ఆ పూట వార్త చెప్పి పంపేది.

"పట్వారి రాజస్థాన్‌ల ఆగిండు. కాంపౌండర్ పంజాబ్ దాటిండు. లచ్చవ్వ అందరికన్న ముంగట ఉన్నది. ఆడిది గదా, పని మీద ధ్యాస."

"మంచిగ తింటున్నరా?" అని అడిగేవాడు ఎల్లం.

"గది ఫోన్ల కనవడదు."

ముగ్గురూ కొంగలే. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, తెల్లటి ఒళ్ళు, రెక్కల అంచుకు కాటుక పెట్టినట్టు నలుపు. చలికాలంలో మంజీర ఒడ్డుకు దిగి, ఎండలు ముదిరేలోపు కొండలు దాటి, మనకు నోరు తిరగని దేశాలకు పోతాయి. తూప్రాన్ నుంచి కావ్య అనే పిల్ల వాటి మీద పెద్ద చదువు చదువుతూ వచ్చి, మూడింటిని పట్టించి, వీపున అగ్గిపెట్టెంత యంత్రం తాడుతో కట్టింది. కాలికి పసుపు కడియం వేసింది. అవి ఎక్కడికి పోతే అక్కడ ఫోనులో చుక్క కదులుతుంది.

పట్టినవాడు ఎల్లం. అతని గురించి చెప్పాలంటే నాలాంటివాడే చెప్పాలి. పాపన్నపేట ఒడ్డున నిలబడి మెదక్ చర్చి గోపురం మీద వాలిన పిచ్చుక ఆడదో మగదో చెప్పగల కన్ను అతనిది. ఆ కొంగల కోసం మెడ దాకా బురదలో దిగి, ముక్కుకు తామర తూడు పెట్టుకుని, రెండు పగళ్ళు రెప్ప వేయకుండా కూర్చున్నాడు. ఒక మొసలి వచ్చి, రాయి అనుకుని అతని భుజానికి వీపు గోక్కుని పోయింది. ఒకటి అంటే ఒకటే కాదు, మూడు వచ్చాయి. మూడోదాన్ని నేనే అదిలించాను. కావాలంటే ఆ మొసలినే అడగండి, ఇంకా అక్కడే ఉంది.

పేర్లు మా పేటవాళ్ళు పెట్టారు. పొలం కొలుస్తున్నట్టు అంగలు వేసేవాడు పట్వారి. సూది వేసినట్టు పొడిచేవాడు కాంపౌండర్. మూడోది ఎవరో పిలిచినట్టు ఊరికే మెడ తిప్పి చూసేది. చూసేదానికి పిలిచే పేరొకటి ఉండాలని కిష్టవ్వ దాన్ని లచ్చవ్వ అన్నది.

ఈ కొంగలు ఫాల్గుణంలో పోయేటప్పుడు నీడలను మెదక్‌లోనే వదిలి పోతాయి. అంత బరువుతో కొండలు ఎక్కలేవు. ఎండాకాలమంతా అవి గోడల మీద, ప్రహరీల మీద, రేకుల షెడ్ల మీద ఉంటాయి. వాటి మీద ఎవరూ మేకులు కొట్టరు. ఎలక్షన్ల రాతలు రాసేవాళ్ళు కూడా అక్కడ జాగా వదిలి పక్కన రాస్తారు. కార్తీకంలో కొంగ వచ్చి ఆ గోడ పైనుంచి ఒకసారి ఎగిరితే నీడ ఊడి దాని కిందికి చేరుతుంది. అప్పుడే కొంగ నేల మీద దిగుతుంది. రాని కొంగ నీడ శివరాత్రి దాకా చూసి, పాత సున్నంలాగా తనంతట తానే రాలిపోతుంది.

పాతకాలం నుంచీ ఇంతే. అందుకే ఫోను రాకముందు మెదక్‌లో కొంగకు ఏడ్చినవాళ్ళు లేరు. ఏది చచ్చిందో, ఎప్పుడు చచ్చిందో ఎవరికి తెలుసు?

మూడు నీడలూ ఎల్లం ఇంటి పడమటి గోడ మీద ఉన్నాయి. అతని చేతిలో ఉన్న పిట్టలు కాబట్టి అక్కడికే వచ్చాయి.

చైత్రంలో కావ్య ఫోను చేసింది. "కాకా, పట్వారి పోయిండు. కరెంటు తీగలు తగిలినయ్. అక్కడి మనిషి ఫోటో పంపిండు. చూస్తవా?"

ఎల్లం చూడనన్నాడు. ఆ పూట చాయ్‌కి పోలేదు. గోడ ముందు పీట వేసుకుని పట్వారి నీడకు ఎదురుగా కూర్చున్నాడు. చచ్చిన కొంగ నీడకూ బతికిన కొంగ నీడకూ గోడ మీద తేడా ఏమీ ఉండదు. అదే మనిషిని తినేస్తుంది.

పది రోజులకు కిష్టవ్వ వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఏందయ్యా, కాంపౌండర్ రోడ్డు మీదనే పోతుండు. మలుపు కాడ మలుగుతుండు."

"పిట్టకు రోడ్డుతోని ఏం పని?"

"నాకేం ఎర్క. మస్తు జోరుగ పోతుండు. ఆగు, ఆగిండు. ఒక ఇంట్ల ఆగిండు."

తుపాకీతో కొట్టి, బండిలో వేసుకుపోయారని కావ్య చెప్పింది. ఆ చుక్క పదకొండు రోజులు ఆ పరాయి దేశపు ఇంట్లోనే ఉండి, తర్వాత ఆరిపోయింది. పదకొండు పొద్దులూ కిష్టవ్వ ముగ్గు వేసి వచ్చి ఆ ఇంటిని చూసింది. "గా ఇంట్ల చిన్న పిల్లలున్నరేమో," అన్నది ఒకరోజు. తిట్టిందో, సర్దుకుందో తెలియలేదు.

హసన్ చాయ్ పోస్తూ ఊరుకునే రకం కాదు. "నువ్వు పట్టినయి మూడు, పోయినయి రెండు. ఎల్లన్నా, జర నా కోళ్ళ దిక్కు రాకు."

బెంచీల మీద అందరూ నవ్వారు. ఎల్లం కూడా నవ్వాడు. ఇంటికి వచ్చి బోరింగు కింద మూడుసార్లు చేతులు కడిగాడు.

"నేను తాడు బిగ్గర కట్టిన్నా కిష్టవ్వా?"

"నువ్వెక్కడ కట్టినవ్. ఆ పిల్ల కట్టింది. నువ్వు పట్టుకున్నవ్, గంతే."

"పట్టుకున్నది నేనే గదా," అన్నాడు.

ఆ రోజు నుంచి ఎల్లంకు ఒకటే ధ్యాస. లచ్చవ్వ రావాలి. మూడింటిలో ఒక్కటి వచ్చి ఒడ్డున దిగితే, తన చేతులు చావు చేతులు కాదని తేలుతుంది. దిగకపోతే, ముసలితనంలో ఆ చేతులతోనే అన్నం కలుపుకుని తినాలి.

లచ్చవ్వ కొండలు దాటింది. ఒక నది పక్కన ఆగింది. చుక్క పొద్దున నది దగ్గరికి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ నది దగ్గరికి, రోజుకు ఇరవైసార్లు తిరిగేది. పిల్లలు పుట్టి ఉంటాయని కావ్య అంటే కిష్టవ్వ పేటలో బెల్లం పంచింది. నాకు రెండు ముక్కలు ఇచ్చింది.

శ్రావణంలో చుక్క ఇసుకలో ఆగిపోయింది. ఒక రోజు, ఒక వారం, ఒక నెల. అదే చోటు.

"తాడు తెగి యంత్రం కింద పడ్డా గిట్లనే చూపెడ్తది కాకా," అన్నది కావ్య. "పిట్ట బతికే ఉండొచ్చు. కార్తీకం దాకా ఆగుదాం."

ఎల్లం ఆగుదామనే అనుకున్నాడు. మధ్యలో పెత్తరమాస వచ్చింది.

బతుకమ్మకు ముందు వచ్చే ఆ అమావాస్య నాడు పోయినవాళ్ళ పేర్లు చెప్పి, అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. పేరు చెప్పని పెద్దలు మళ్ళీ పెత్తరమాస దాకా ఆకలితో తిరుగుతారు. అత్త పోయిన ఏడు కిష్టవ్వ జ్వరంతో పడి ఆ రోజు తప్పించింది. ఏడాదంతా వంటింట్లో ఖాళీ గిన్నెలు వాటంతట అవి కదిలాయని ఇప్పటికీ చెబుతుంది.

"ఇద్దరి పేర్లు చెప్పి ఊకుందాం," అన్నాడు ఎల్లం.

"దాని పేరు ఇడిస్తవా? పిల్లల తల్లి. చచ్చి ఇసుకల పడ్డది. ఏడాది ఉపాసం ఉంచుతవా?"

"బతికుంటేనో?"

"రెండు నెలలు ఒక్క చోట పడి ఉన్నది ఎవలన్న బతుకుతరా? జర సోంచాయించి చూడు. నీ మనసు ఒప్పక దాన్ని ఎండబెట్టకు."

ఈ మాట కిష్టవ్వ ప్రేమతోనే అన్నది. అందుకే ఎల్లం కాదనలేకపోయాడు. కోపంతో అని ఉంటే రెండు మాటలు ఎదురు అనేవాడు, ఆ పేరు అయ్యగారి దాకా పోయేది కాదు.

రఘుపతి అయ్యగారు అరుగు మీద కూర్చుని పేర్లు రాసుకున్నారు. ఎల్లం తండ్రి, తల్లి, కిష్టవ్వ తల్లి, పట్వారి, కాంపౌండర్.

"ఇంకెవలన్న ఉన్నరా?"

ఎల్లం గోడ దిక్కు చూశాడు. "లచ్చవ్వ," అన్నాడు.

అయ్యగారు నీళ్ళు వదిలి, పేర్లు చదివి, బియ్యం మూట కట్టుకుని పోయారు. కిష్టవ్వ గోడ దగ్గరికి పోయి చూసింది. మూడు నీడలూ లేవు. నీళ్ళు వదిలిన పేరుకు నీడ నిలవదు. దసరాకు గోడ మొత్తం ఏ ఆటంకం లేకుండా సున్నం వేసుకున్నారు.

కార్తీకంలో ఒక పొద్దున కొంగలు వచ్చాయి. పేటలో గోడ గోడకూ నీడలు ఊడి లేచాయి. ఒక్కొక్కటీ తన నీడను ఎక్కించుకుని పొలాల్లో దిగింది. ఒకటి మాత్రం ఎల్లం ఇంటి మీద తిరుగుతూ ఉంది.

వీపున యంత్రం లేదు. తెగిన తాడు ముక్క రెక్క పక్కన వేలాడుతోంది. కాలికి పసుపు కడియం ఉంది. తిరిగినప్పుడల్లా తెల్లటి గోడ ముందు మెడ తిప్పి చూస్తోంది.

కిష్టవ్వ చేతిలో చీపురు అట్లే ఉండిపోయింది. "నేనే చెప్పిచ్చిన," అన్నది. "నా నోట్ల మన్నువడ."

ఎల్లం ఆమె చేతిలోని చీపురు తీసుకుని గోడకు ఆనించాడు. తిట్టి ఉంటే బాగుండేదని కిష్టవ్వ ఇప్పటికీ అంటుంది.

నీడ లేని పిట్ట నేల మీద దిగలేదు, కొమ్మ మీద వాలలేదు. ఆ పగలంతా తిరిగింది. మర్నాడూ తిరిగింది. కిష్టవ్వ మిద్దె మీద చేపలు పరిచింది. అది కిందికి వచ్చి, అర మూర దూరంలో ఆగలేక, మళ్ళీ లేచింది. కావ్య మొదటి బస్సుకు వచ్చి, మెడ పైకెత్తి నిలబడి, చదివిన చదువంతా ఉండీ ఏడ్చింది.

ఎల్లం అయ్యగారి ఇంటికి పోయాడు.

"అయ్యగారూ, పేరు తప్పు చెప్పిన. కొట్టేయుండ్రి."

రఘుపతి అయ్యగారు పేర్ల కాగితం మడత విప్పి చూశారు. "నలభై ఏండ్ల సంది పేర్లు చదువుతున్న ఎల్లం. పోయినోళ్ళకు మంత్రం ఉన్నది. తిరిగొచ్చినోళ్ళకు మా తాత కూడ చెప్పలే. ఎవలూ రాలే గదా, అవసరం పడలే."

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి కొంగ రెక్కలు వణుకుతున్నాయి. ఎల్లం చెప్పులు విడిచి, కోత కోసిన మడిలోకి నడిచాడు. పొద్దు వాలుతోంది. అతని నీడ మడి ఆ చివరి దాకా సాగి పడింది. ఎంత పొడుగంటే, దాని తల పక్క ఊరి పొలంలో ఉంది. రెండు చేతులూ చాపాడు.

"నాది తీస్కో," అన్నాడు. "నాది ఎవలకు పనికొస్తది. దిగు."

లచ్చవ్వ దిగింది. ఎర్ర కాళ్ళు నీడ తల మీద ఆనాయి. ఆ పొడుగు నీడంతా చాప చుట్టినట్టు చుట్టుకుంటూ దాని కిందికి పోయింది. కొంగ నాలుగు అడుగులు వేసి, కాలువలో ముక్కు పెట్టి నీళ్ళు తాగింది. అది తాగడం పూర్తయ్యే దాకా ఎల్లం చూశాడు. తర్వాత నడవడం మొదలుపెట్టాడు.

"ఏడికి పోతున్నవ్? కూసో జర," అన్నది కిష్టవ్వ వెంట పరుగెత్తి.

"కూసునుడు వస్తలేదే. కాళ్ళు ఆగుతలెవ్వు."

నీడ లేనివాడు నిలవలేడు. నాలుగు నెలలు అతను మెదక్ వీధులు తిరిగాడు. నడుస్తూనే తిన్నాడు. కిష్టవ్వ గిన్నె పట్టుకుని పక్కన నడుస్తూ ముద్దలు పెట్టేది. నిద్ర కూడా నడకలోనే. తలుపు మూసి చూశారు, గదిలో గుండ్రంగా తిరిగి గచ్చు అరిగింది. హసన్ గ్లాసు పట్టుకుని ఎదురు వచ్చేవాడు. "ఎల్లన్నా, నీ చెయ్యి మంచిదే. నేనే తప్పు మాట్లాడిన," అని ప్రతి రోజూ చెప్పేవాడు. ఎల్లం తాగి, గ్లాసు ఇచ్చి, తల ఊపి పోయేవాడు.

ఫాల్గుణంలో కొంగలు లేచాయి. లచ్చవ్వ పడమటి గోడ పైనుంచి ఎగిరి, బరువు దింపుకుని పోయింది. గోడ మీద చేతులు చాపిన మనిషి నీడ నిలిచింది. కిష్టవ్వ మొగుణ్ణి లాక్కొచ్చి దానికి ఆనించింది. వీపు, తల, చేతులు, అన్నీ సరిగ్గా సరిపోయాయి. నీడ మాత్రం ఊడలేదు. అది ఇప్పుడు కొంగది.

గోడ నుంచి జరిగిన ఎల్లం ఈసారి వీధి చివర తిరగలేదు. రామాయంపేట రోడ్డు పట్టాడు. కావ్య వెంట పరుగెత్తి అతని భుజానికి ఒక యంత్రం కట్టింది. అతను భుజం వంచి కట్టించుకున్నాడు కానీ ఆగలేదు.

కిష్టవ్వ పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, ఫోను తెరుస్తుంది. కామారెడ్డి. నిర్మల్. ఆదిలాబాద్. తర్వాత ఆమెకు చదవరాని పేర్లు. చుక్క హైవే మీద, లారీల మధ్య, ఉత్తరానికి. ఆషాఢంలో ఒక పెద్ద నది ఒడ్డున అది ఆగింది. అప్పటి నుంచి అక్కడే ఉంది.

పెత్తరమాస నాడు రఘుపతి అయ్యగారు అరుగు మీద కూర్చున్నారు. కిష్టవ్వ చేటలో బియ్యం, పప్పు, బీరకాయలు తెచ్చి పెట్టింది. మామ పేరు, అత్త పేరు, తల్లి పేరు చెప్పింది. అయ్యగారు రాసుకుని, గోడ దిక్కు చూడకుండా అన్నారు.

"చుక్క ఆగి రెండు నెలలైంది కిష్టవ్వా. ఒకవేళ పోయి ఉంటే, ఏడాది ఆకలితోని తిరుగుతడు."

కిష్టవ్వ గిన్నెడు బియ్యం ఎక్కువ పోసింది.

"తిరగనియ్యుండ్రి," అన్నది.