పడుకునే ఆపిల్ చెట్టు

అది 1968, అక్టోబరు నెల. ఓమ్స్క్ ఊరి బయట, ఇర్తిష్ ఏటి గట్టున తోటల్లో బంగాళాదుంపలు తవ్వడం అయిపోయింది. రైలింజన్లో ముప్ఫై ఏళ్లు బొగ్గేసి పింఛను పుచ్చుకున్న మత్వేయ్ నీళ్ల పీపా బోర్లించి, పార కడిగి, ఆపిల్ చెట్టు ఎప్పుడు పడుకుంటుందా అని చూస్తున్నాడు.

ఆ చెట్టు ఏటా తొలి చలికి, ఆవు మోకాళ్లు వంచినట్టు వంగి, పడమటి వైపు నేలకి ఒరిగేది. మంచు కప్పుకుని నిద్రపోయి, మే నెలలో లేచేది. పక్కతోట గ్లఫీరా అది చూసే తన డాలియా దుంపలు తవ్వుకునేది. మొగుడు పోయి ఎనిమిదేళ్లయినా ఆవిడ నోరు మాత్రం మెత్తబడలేదు.

ఆ ఏడు తోటల సంఘం కొత్త నియమం పెట్టింది. తనిఖీ రోజున నిలబడి ఉన్న పళ్లచెట్టు లేకపోతే స్థలం వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఆ పదిహేను సెంట్ల కోసం మత్వేయ్ తొమ్మిదేళ్లు తన వంతు ఎప్పుడొస్తుందా అని సంఘం జాబితాలో పడున్నాడు.

"నా చెట్టు సగం ఏడాది నిలబడే ఉంటుందిగా!" అన్నాడు.

"పడుకున్నదాన్ని చెట్టని రాస్తే పైవాళ్లు నన్ను పడుకోబెడతారు, పెద్దాయనా. శనివారం వస్తాం," అన్నాడు సంఘం అధ్యక్షుడు కొంద్రాత్. చెడ్డవాడు కాదు.

గురువారమే చెట్టు వంగడం మొదలెట్టింది. మత్వేయ్ ఒక ఇనప గొట్టం పాతి, తడి జనపతాడుతో మూడు చుట్లు చుట్టి దాన్ని నిలబెట్టి కట్టేశాడు.

"నిద్రొచ్చిన పిల్లని బళ్లో నిలబెట్టినట్టుంది. పాపం కాదటయ్యా?" అంది గ్లఫీరా కంచె అవతల నుంచి.

"రెండ్రోజులేగా. నా మొండితనం దానికీ ఉంది, ఆగుతుంది."

"దానికి నీకన్నా బుద్ధుంది."

శనివారం పొద్దున్నకి బకెట్లో నీళ్లు అడుగుదాకా గడ్డకట్టాయి. గాలి కోసేస్తోంది. తనిఖీవాళ్లు ఆ చివర నుంచి ఒక్కో తోటా చూసుకుంటూ వచ్చి, ఆరు తోటల అవతల టీకి, ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగులకి కూర్చున్నారు. మత్వేయ్ తన గొర్రెతోలు కోటు తీసి చెట్టుకి చుట్టాడు. అయినా అది వణుకుతూనే ఉంది. గొట్టం గడగడలాడుతోంది. ఇంతలో బెరడు ఎండుపుల్ల విరిగినట్టు ఫట్‌మంది.

"ఒక్క గంట పెద్దాయనా!" అని కేకేశాడు కొంద్రాత్. "గంట నిలబెట్టు, రాసేసి పోతాం."

"ఇప్పుడే వచ్చి రాసుకో!"

"వరస తప్పితే ఎలా? మధ్యలో ఐదు తోటలున్నాయి."

మత్వేయ్ చేతితొడుగులు విసిరేసి ముడి మీద పడ్డాడు. తాడు రాయిలా బిగిసింది.

"ఏయ్ ముసలోడా, తోట పోతుంది!" అని అరిచింది మొన్న పాపమన్న గ్లఫీరాయే.

"తోటలు జాబితాలో ఉంటాయి. ఇది ఏ జాబితాలోనూ లేదు."

ముడి ఊడింది. చెట్టు ఈసారి పడమటికి ఒరగలేదు. కంచె మీదుగా వంగి, గ్లఫీరా తవ్విపెట్టుకున్న మడిలో తల పెట్టుకుని పడుకుంది.

"బాగుంది! నా మడే దొరికిందా!" అని గొణుక్కుంటూ గ్లఫీరా గడ్డి తెచ్చి కప్పింది.

కొంద్రాత్ వచ్చి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కాగితం మీద సున్నా చుట్టి, తలెత్తకుండా వెళ్లిపోయాడు.

ఆ చలికాలం సున్నాకి నలభై డిగ్రీల కిందికి దిగిపోయే చలి పడింది. మే నెల వచ్చేసరికి గట్టు పొడుగునా నిలబడిన చెట్లన్నీ నల్లగా మాడి ఉన్నాయి. గ్లఫీరా మడిలో మాత్రం ఆపిల్ చెట్టు లేచింది. తల ఆనించిన చోటే వేళ్లు పోసుకుని, పాత మొదలుని బూటులోంచి కాలు లాగినట్టు కంచె దాటించి గ్లఫీరా వైపుకి లాక్కుంది.

అంటు కొమ్మల కోసం అందరికన్నా ముందు కొంద్రాతే వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"చెట్టు నా మడిలోదే, కొమ్మలు మాత్రం మత్వేయ్‌ని అడగాలి," అంది గ్లఫీరా.

"ఆయనెక్కడున్నాడు?"

"లోపల నా పొయ్యి బాగు చేస్తున్నాడు. ఇంక ఇక్కడే ఉంటాడు."

మత్వేయ్ పాత తోటని ఒక తపాలా గుమాస్తాకి ఇచ్చారు. అతను అందులో క్యాబేజీ వేశాడు. ఆ పదిహేను సెంట్లు మత్వేయ్‌కి మళ్లీ రాలేదు.