డాడ్జికి నోరొచ్చింది

మా ఇంట్లో నోరు లేనివి రెండే ఉండేవి. ఒకటి మా మామగారు కొన్న డాడ్జి కారు, రెండోది నేను. కారు పక్కనుంచి పోతుంటే మేసే బర్రె తల ఎత్తేది కాదు. నేను మాట్లాడుతుంటే మా ఆయన తల ఎత్తేవాడు కాదు.

ఆళ్లగడ్డలో మాది పెద్దిల్లు. ఆ ఇంటి ఆడవాళ్లు బస్సెక్కరు, రోడ్డు మీద నడవరు. గడప దిగితే కారు, కారు కిటికీలకు పచ్చ తెరలు. కొత్తలో నాకూ గొప్పగానే ఉండేది. ఆ తెరలు బయటివాళ్ల కోసం కాదని, లోపల కూర్చున్నదాని కోసమని తర్వాత తెలిసింది.

నాకు ఒక్కతే కూతురు, మహాలక్ష్మి. చదువుకోవడానికి నంద్యాల పంపితే అక్కడ బడిపంతులు ఇమ్మానుయేలును చర్చిలో పెళ్లి చేసుకుంది. మా ఆయన లక్ష్మీనారాయణ కత్తి తియ్యలేదు, మనుషుల్ని పంపలేదు. చంపకుండా వదిలేసినందుకు తనంత మంచివాడు లేడనుకున్నాడు. పురోహితుణ్ణి పిలిపించి, బతికున్న బిడ్డకు నువ్వులూ నీళ్లూ వదిలాడు. తలస్నానం చేసి భోజనానికి కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆ పప్పుగిన్నె ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. ఉప్పు తెచ్చి వేశాను.

నీళ్లు వదిలాక ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఆ మనిషి బతికున్నట్టు ఒప్పుకున్నట్టే. ఆ కట్టుబాటులోనే నాకొక సందు దొరికింది. మహానందికి సోమవారాలు మొక్కుకున్నానన్నాను. మేము మహానందికి పోయేది నంద్యాల మీదుగానే. డ్రైవరు గురవయ్య కారును మిషన్ వీధి చివర ఆపేవాడు. నేను కొంగు నెత్తిన కప్పుకుని, పక్క తలుపులోంచి కూతురింట్లోకి దూరేదాన్ని. కాసేపు దాని మొహం చూసి, మళ్లీ స్వామి దగ్గరికి పరుగు. మొక్కు దొంగదే గానీ కొబ్బరికాయ నిజంగానే కొట్టేదాన్ని.

డెబ్భై ఎనిమిది వేసవికి మహాలక్ష్మికి నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. దానికి పుట్టిల్లు లేదు. కనీసం నొప్పులప్పుడు పక్కన నేనుండాలి. ఆ స్వామిని నేను నిజంగా అడిగింది ఇదొక్కటే.

సరిగ్గా అప్పుడే మా ఆయన మద్రాసు పోయి, గోనెపట్టాలో చుట్టిన గొట్టాలు తెచ్చాడు. షోలవరంలో పందెం కార్లకు వేసేవట. ఇంజను పొగ బయటికి పోయే పాత ఇనప దిమ్మను తీసేసి, ఒక్కో సిలిండరుకు ఒక్కో గొట్టం బిగిస్తారు. మూడు మూడు కలిసి, కారు వెనక రెండు నోళ్లుగా తేలతాయి. బండి వేగం పెరుగుతుందని, పులిలా గాండ్రిస్తుందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఈ వయసులో ఈ పిల్లచేష్టలేమిటని నాలో నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గాండ్రించే కారు మిషన్ వీధి చివర ఆగితే వీధంతా బయటికి వస్తుంది. నంద్యాల నిండా మా బంధువులే.

గొట్టాలు బిగించడానికి నంద్యాల నుంచి వచ్చిన మేస్త్రీని చూడగానే గుర్తుపట్టాను. అతని పేరు జకరయ్య. అతని షెడ్డు మిషన్ వీధి చివరే. సోమవారం సోమవారం నేను కారు దిగడం చూసే మనిషి. మా ఆయన పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. జకరయ్య నన్ను ఎన్నడూ చూడనట్టు దండం పెట్టి, బానెట్ ఎత్తాడు.

పని సులువుగా సాగలేదు. పాత దిమ్మ బోల్టులు జంగు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి తిప్పితే కొన్ని తిరిగాయి, ఒకటి మెడ దగ్గర విరిగింది. దాన్ని తొలిచి తీయాల్సి వచ్చింది. కొత్త గొట్టాల బెజ్జాలు ఇంజను బెజ్జాలకు కుదరక ఆకురాయితో రుద్దాడు. చివరి గొట్టమైతే బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారును రాసుకుంటూ పోయింది. ఆ వేడికి మోటారు కాలిపోతుందని, ఈ గొట్టాలు ఈ బండివి కావని జకరయ్య చెప్పి చూశాడు. అయ్యేదాకా తిండీ పడకా ఇక్కడేనన్నాడు మా ఆయన. గేటు దగ్గర ఇద్దరు మనుషులు కూర్చున్నారు. పాపం, అతని బతుకూ నా బతుకులాగే అయింది.

మర్నాడు మా ఆయన స్నానానికి లేచినప్పుడు మజ్జిగ చెంబుతో కారు దగ్గరికి పోయాను. గొట్టాలు పట్టవని చెప్పి పీకెయ్యమని బతిమాలాను.

"పీకితే రెడ్డి నన్ను ఈడ్నే బిగిస్తాడమ్మా," అన్నాడు జకరయ్య కారు కిందినుంచే. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ పాపకు కడుపు కిందికి జారిందంట. సోమవారం దాటదని డాక్టరమ్మ చెప్పినాదంట. నేనొచ్చే ముందర మా ఆడామె పోయి చూసొచ్చినాది."

చెంబు అక్కడే పెట్టి, సోమవారానికి ఎన్నాళ్లుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ లోపలికి పోయాను.

సోమవారం పొద్దుటికి పని ముగిసింది. గొట్టాన్ని కాల్చి కాస్త వంచి, వేడి తగలకుండా సెల్ఫుకు అడ్డంగా ఆస్బెస్టాస్ అట్ట పెట్టాడు. గురవయ్య స్టార్ట్ చేశాడు. ఇంటి పెంకులు అదిరాయి. కొట్టంలో ఎద్దులు పలుపులు తెంచుకోబోయాయి. వీధిలో జనం ప్రహరీ మీదికెక్కి చూశారు. మా ఆయన చేయి ఊపి ఇంజను ఆపించి, అందరికీ వినబడేలా, ఎంతో మెత్తగా నాతో అన్నాడు.

"మహానందికి పోతావు గదా. ఇంగ ఈ బండి యాడ నిలబడినా ఊరే నాకు చెప్తాది. నేను అడిగే పనే లేదు."

అప్పుడు నాకు తెలివొచ్చింది. అవి పిల్లచేష్టలు కావు. ఆయనకు అన్నీ తెలుసు, ఎప్పటినుంచో తెలుసు. పోవద్దనాలంటే ఎవరి దగ్గరికి పోవద్దో చెప్పాలి. నీళ్లు వదిలిన పేరు నోట పలకకూడదాయె. అందుకని కారుకు నోరు పెట్టించాడు. నలుగురూ చూస్తారంటే పరువుకు భయపడి నేనే ఆగిపోతానని ఆయన ధీమా. మా ఇంట్లో ఆడవాళ్ల విషయంలో ఆ ధీమా అంతవరకూ ఎన్నడూ వమ్ము కాలేదు.

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వస్తే మనిషికి భయం పోతుందని ఆ రోజే తెలిసింది. లోపలికి పోయి మెత్తటి పాతచీరలు, వాము, ఇంగువ మూటగట్టుకుని వచ్చాను.

"మహానందికి కాదు," అన్నాను. "మహాలక్ష్మి ఇంటికి."

మా ఆయన మొహంలోకి చూశాను. తిట్టాలంటే కూతుర్ని తిట్టాలి. తిడితే అది ఉన్నట్టే.

"ఆ పేరుతో ఈ ఇంట్లో ఎవురూ లేరు," అన్నాడు చివరికి.

"ఈడ లేదు. నంద్యాలలో ఉండాది. ఆడికే పోతాండా."

"పోతే కారు ఒక్కటే తిరిగి రావాల."

నా పెట్టె, నా ఇత్తడి బిందెలు, మా అమ్మ ఇచ్చిన తిరగలి అన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే కాళ్లు ఆగిపోతాయని చూడలేదు. జకరయ్యను కూడా ఎక్కమన్నాను. గేటు దగ్గరి మనుషులు మా ఆయన వైపు చూశారు. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. వాళ్లు గేటు తీశారు.

దారి పొడుగునా చేలల్లో మనుషులు నడుములెత్తి చూశారు. అలవాటు కొద్దీ తెరలు వేసుకునే కూర్చున్నాను. శిరివెళ్ల దాటాక తీసేశాను. వేడిగాలి మొహాన కొట్టింది.

మిషన్ వీధి చివర గురవయ్య ఆపబోతే, ఇంటి ముందుకే పోనిమ్మన్నాను. వీధంతా బయటికి వచ్చింది. మా ఆడబిడ్డ తోటికోడలు మిద్దె మీదినుంచి వంగి చూస్తోంది. నేను పక్క తలుపు వైపు పోలేదు. వీధి తలుపు తట్టాను. ఇమ్మానుయేలు తీసి, నన్నూ, నా వెనకున్న కారునూ చూసి, పక్కకు తప్పుకున్నాడు.

మహాలక్ష్మి మంచం కోడు పట్టుకుని నొప్పులు పడుతోంది. జుట్టంతా చెమటకు తడిసిపోయింది. నన్ను చూసి లేవబోయింది. నన్ను దాటి వాకిలి వైపు చూసింది.

"అమ్మా, కారు ఇంటి ముందరే ఆపినావే. నాయన వచ్చినాడా?"

ఆ మొహంలో ఆశ చూసి నేను తట్టుకోలేకపోయాను. దాని చేతిని మంచం కోడు మీదినుంచి తీసి నా చేతిలో పెట్టుకున్నాను.

"నేనొచ్చినా," అన్నాను. "ఇంగ యాడికీ పోను."

బయట గురవయ్య కారు వెనక్కి తిప్పుతున్నాడు. ఆ మోత ఆళ్లగడ్డ రోడ్డెక్కి వినబడకుండా పోయేదాకా మహాలక్ష్మి నా చేతిని వదల్లేదు.