సముద్రం మీద అనకూడని మాట

మా షెట్లాండ్ దీవుల్లో పడవ ఎక్కిన మనిషి చర్చిని చర్చి అనడు. ప్రార్థనల ఇల్లు అంటాడు. పాదిరి గారేమో ‘నిలబడేవాడు’, పిల్లి ‘మెత్తగా నడిచేది’. అసలు పేరు పలికితే సముద్రానికి కోపం వస్తుందని తాతల నాటి నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఒడ్డున కూర్చుని నేనూ నవ్వగలను.

ఆ బుధవారం పడవలో ముగ్గురం. చుక్కాని దగ్గర మా నాన్న జార్మ్, తెరచాప తాడు పట్టుకుని నేను, గాలాలు సర్దుతూ మా బావ ఆర్చీ. బావది గ్లాస్గో పట్నం. మా అక్క ఓస్లాను అక్కడే పెళ్లి చేసుకుని, కిందటి నెల మా ఊళ్లో కాపురం పెట్టాడు. అక్కకు ఏడో నెల. పొద్దున మేం బయల్దేరుతుంటే నా కోటు పట్టుకుని ఆపింది.

“ఒరేయ్ రాస్మీ, ఆయనకి సముద్రం కొత్తరా. జాగ్రత్తగా తీసుకురా.”

“నేనుండగా నీకెందుకే భయం?” అన్నాను. అంత గొప్పగా అన్నాను.

డిసెంబరులో మాకు మూడింటికే చీకటి పడుతుంది. తిరుగు దారిలో ఉన్నట్టుండి గాలి మారింది. తెరచాప దూలం గిర్రున తిరిగి నాన్న భుజాన్ని కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన పడవ అడుగున చేపల మీద పడిపోయాడు, మళ్లీ లేవలేకపోయాడు. నేను తాడు వదిలితే పడవ బోల్తా కొడుతుంది. అందుకని చుక్కాని బావ చేతికి వచ్చింది.

మా రేవు మొగలో నీటి కింద ఒక పెద్ద రాయి ఉంది. దాన్ని ‘బా’ అంటాం. ఎందరిని మింగిందో లెక్క లేదు. రాత్రి పూట దాన్ని తప్పించుకునే దారి ఒక్కటే. జెట్టీ చివర ఒక దీపం, గుట్ట మీద చర్చి గోడకు ఒక దీపం. పై దీపం కింది దీపం నెత్తి మీద నిలబడేలా చూసుకుంటూ నేరుగా రావాలి.

“అల్లుడూ, కిందది జెట్టీ దీపం” అన్నాడు నాన్న పళ్లు బిగించి. “దాని నెత్తిన ప్రార్థనల ఇంటి దీపం నిలబెట్టు. ఇక ఎవరేం అన్నా ఆ గీత వదలకు. కాస్త పక్కకి పోయామా, నలుగురు మోయడానికి మన శవాలు కూడా దొరకవు.”

“అలాగే మామయ్యా. ప్రార్థనల ఇల్లు.”

నేను ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు తోడుతున్నాను. తల ఎత్తేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుట్ట మీద దీపాలు రెండున్నాయి. పడమటి వైపుది మెథడిస్టు క్రైస్తవుల కొత్త మందిరం. బుధవారం ప్రార్థనకని వాకిట్లో లాంతరు కట్టారు. దాన్ని ఊరంతా ప్రార్థనల ఇల్లనే పిలుస్తుంది. బావ ఆ లాంతర్ని గురి పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా, మమ్మల్ని తిన్నగా బా మీదికి తీసుకుపోతున్నాడు.

“బావా! తూర్పు దీపం చూడు!”

“ఎందుకూ? సరిగ్గానే ఉందిగా!”

“అది కాదు! ప్రార్థనల ఇల్లు!”

“అదే కదయ్యా పట్టుకున్నాను!”

“ప్రార్థనల ఇల్లు బావా, ప్రార్థనల ఇల్లు!”

నేను ఎంత గట్టిగా అరిస్తే ఆయన అంత గట్టిగా చుక్కాని బిగించాడు. ఆయన తప్పేముంది? ఎవరేం అన్నా గీత వదలొద్దన్నారు, వదల్లేదు.

ఒక్క మాట అంటే చాలు. రెండే అక్షరాలు. నోరు తెరిచాను, మాట పెగల్లేదు. ఆ మాట అన్నందుకే మా హేకీ తాత పడవ తిరిగి రాలేదని ఉగ్గుపాలతో విన్నవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన రాయి కంటే నాకు ఆ మాటే ఎక్కువ భయం వేసింది. ముందర చీకట్లో నీళ్లు రాతి మీద విరుగుతున్న హోరు దగ్గరవుతోంది. మళ్లీ ప్రార్థనల ఇల్లు అనే అరిచాను.

“ఒరేయ్, గుట్ట మీద దీపాలు రెండున్నాయా?” అని కింద నుంచి నాన్న అడిగాడు.

“ఉన్నాయి నాన్నా.”

“చర్చి!” అని కేక పెట్టాడు నాన్న. “చర్చి దీపమయ్యా ఆర్చీ! గంట ఉన్న చర్చి! తూర్పుది!”

బావ చుక్కానిని ఒక్క తోపు తోశాడు. పడవ ఒరిగింది. అడుగున రాయి గరగరమని రాసుకుంది. పలక ఒకటి చిట్లి నీళ్లు లోపలికి కొట్టాయి. మునిగామనే అనుకున్నాను. అప్పుడు బా మీది తెల్లటి నురగ మా పక్కగా వెనక్కి జారిపోయింది. మోకాళ్ల లోతు నీళ్లతో జెట్టీకి చేరాం.

గట్టు మీదికి ఎక్కాక బావకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

“ఆ ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయిందయ్యా?” అన్నాడు నాతో.

“సముద్రం మీద అనకూడదు బావా.”

వేళాకోళం అనుకుని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

నాన్న తాళ్లు కట్టే గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన మొహం పాలిపోయింది.

“పడవ బాగయ్యాక వాణ్ణి ఎక్కించను” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

“పోనీలే నాన్నా, కొత్తవాడు. నేర్చుకుంటాడు” అన్నాను పెద్దమనిషిలా.

“అల్లుడి సంగతి కాదురా. నీ సంగతి.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“నేను అడుగున పడున్నాను. నాకు దీపాలు కనపడలేదు” అన్నాడు. “నీకు కనపడ్డాయి.”

బావ ఆయన రెండో భుజం కింద చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ మెల్లగా ఇంటి వైపు నడిచారు. నాన్న అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.